నలభై వేల సరుకుల రేట్లు మార్చాలి, ట్రిగ్గర్లు కదలనివ్వడం లేదు: ఏం చేయాలి?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం. ఒడిశాలోని ఈ ఊళ్ళలో షాపుల బిల్లింగు సాఫ్ట్‌వేరు చూసుకునే కుర్రాళ్ళు నాకు ఫోన్ చేశారంటే ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, సరుకుల టేబుల్ మీద ఒక్క అప్‌డేట్ కొట్టాను. అరగంటైంది, కర్సరు అక్కడే కొట్టుకుంటోంది. ఉంచమంటావా, ఆపెయ్యమంటావా?"

జీఎస్టీ రేట్లు మారిన 2025 సెప్టెంబరు 22కు ముందు రెండు రోజులైతే ఫోన్ చెవి దగ్గర నుంచి దించలేదు. మర్నాటి నుంచి దసరా బేరాలు, ఆదివారం రాత్రికి రేట్లన్నీ మారిపోవాలి. ఎవరు అడిగినా నా ఎదురు ప్రశ్న ఒకటే: "ఆ టేబుల్ మీద ట్రిగ్గర్లు ఎన్నున్నాయి?" ట్రిగ్గర్ అంటే టేబుల్లో మార్పు జరగ్గానే డేటాబేస్ తనంతట తాను నడిపే చిన్న ప్రోగ్రాము. అవతల కాసేపు మాట ఉండదు. సాఫ్ట్‌వేరు రాసినవాడు ఏ భువనేశ్వర్‌కో, విశాఖపట్నానికో వెళ్ళిపోయి ఉంటాడు.

మొదట ఆ అడిగిన ప్రశ్నకు జవాబు. ఆపెయ్యండి. కంట్రోల్ సీ నొక్కితే పోస్ట్‌గ్రెస్ (ఈ షాపుల డేటాబేస్ సాఫ్ట్‌వేరు) చేసినదంతా వెనక్కి తీసుకుంటుంది, డేటాకు ఏమీ కాదు. సర్వరు స్విచ్చి మాత్రం కట్టేయకండి.

కింద రాసింది పోస్ట్‌గ్రెస్ గురించి. మై ఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఒరాకిల్ వాడేవాళ్ళకు తేడాలు చివర్లో ఉన్నాయి. కమాండ్లు తెలుగు లిపిలో రాస్తున్నాను, టైపు చేసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే.

కావలసినవి

పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 10 గాని ఆ తర్వాతది గాని. 2017లో వచ్చిన 10తోనే మనకు అసలు పనికొచ్చే సదుపాయం మొదలైంది. టేబుల్ ఓనరు లాగిన్. ఆ రోజు తీసిన బ్యాకప్, అది కూడా ఇంకో డేటాబేస్‌లోకి ఎక్కించి తెరిచి చూసినది. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే. ఎక్కించిన ఆ కాపీ మీదే రిహార్సల్ చేయవచ్చు కాబట్టి శ్రమ వృథా పోదు. కొత్త రేట్లతో ఆడిటరు గారు పంపిన ఎక్సెల్. కౌంటరు మూసిన తర్వాత ఒక గంట. ఒక కాగితం, పెన్ను.

1. ట్రిగ్గర్లు ఏవో, ఏం చేస్తాయో కాగితం మీద రాయండి

పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్‌కు కమాండ్లు ఇచ్చే తెర) బ్యాక్‌స్లాష్ డి కొట్టి టేబుల్ పేరు ఇవ్వండి. అడుగున ట్రిగ్గర్ల జాబితా వస్తుంది. ఒక్కోదాని ఫంక్షన్ తెరిచి, అది చేసే పని ఒక ముక్కలో రాయండి. నేను చూసే హోల్‌సేల్ షాపులో నాలుగు తేలాయి:

- మార్పు జరిగిన తేదీ వేసేది
- పాత రేటు, కొత్త రేటు ఆడిట్ టేబుల్లో రాసేది
- గోడౌన్‌లో ఉన్న సరుకు మొత్తం విలువను తిరగలెక్క కట్టేది
- గుణుపురం బ్రాంచికి పంపాల్సిన మార్పులను క్యూ టేబుల్లో వేసేది

నాలుగూ ప్రతి రికార్డుకూ విడివిడిగా నడిచేవే. నలభై వేల సరుకులంటే లక్షా అరవై వేల సార్లు. ఈ కాగితం పారేయకండి, ఏడో మెట్టులో మళ్ళీ తీయాలి. నేనోసారి ఇది రాయకుండా పని మొదలుపెట్టి నవ్వులపాలయ్యాను, ఆ సంగతి అక్కడే చెబుతాను.

2. ఏది తినేస్తోందో కొలవండి

ఊహించవద్దు. బిగిన్ కొట్టండి, అక్కడి నుంచి రోల్‌బ్యాక్ (వెనక్కి తీసుకోవడం) గాని కమిట్ (ఖాయం చేయడం) గాని కొట్టేదాకా చేసినదంతా ఒకే ట్రాన్సాక్షన్. తర్వాత మీ అప్‌డేట్‌కు ముందు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ చేర్చి, ఐదు వందల రికార్డుల మీద నడపండి. తర్వాత రోల్‌బ్యాక్.

జాగ్రత్త: ఎక్స్‌ప్లెయిన్ ఒక్కటే అయితే ప్లాన్ చూపి ఊరుకుంటుంది. అనలైజ్ చేరిస్తే అప్‌డేట్ నిజంగానే జరుగుతుంది. బిగిన్, రోల్‌బ్యాక్ మధ్యలో లేకపోతే రేట్లు మారిపోయినట్టే. ట్రిగ్గర్ ఏదైనా డేటాబేస్ బయటకు మెసేజ్ పంపేదైతే రోల్‌బ్యాక్ దాన్ని వెనక్కి తేలేదు, అలాంటిది ఉంటే కాపీ డేటాబేస్‌లోనే కొలవండి.

ఫలితం అడుగున ఒక్కో ట్రిగ్గర్‌కు ఒక్కో లైను ఉంటుంది: పేరు, పట్టిన టైము మిల్లీసెకన్లలో, ఎన్నిసార్లు నడిచిందో. చాలాసార్లు అప్‌డేట్‌కు పట్టింది పిసరంత, మిగతా టైమంతా ఒకటో రెండో ట్రిగ్గర్ల లెక్కలో కనిపిస్తుంది. దొంగ అక్కడే దొరుకుతాడు. ట్రిగ్గర్ల లైన్లు చిన్నవిగా ఉండి పైన అప్‌డేటే పెద్దదిగా ఉంటే తప్పు ట్రిగ్గర్లది కాదు. అక్కర్లేని ఇండెక్సులు ఎన్నున్నాయో, ఎవరి లాక్ కోసమైనా ఎదురుచూస్తోందో చూడండి.

ఇప్పుడు అదే ఐదు వేల రికార్డుల మీద నడపండి. రికార్డులు పదింతలయ్యాయి, టైమూ సుమారు పదింతలు కావాలి. అంతకు మించి యాభై అరవై రెట్లు అయిందంటే జబ్బు వేరే. మా షాపులో అదే జరిగింది, దోషి గోడౌన్ విలువ ట్రిగ్గర్.

ఎందుకో చెబుతాను, ఇది తెలియక చాలామంది సర్వరు మార్చేస్తారు. గోడౌన్ విలువ ఉండేది ఒకే ఒక్క రికార్డులో. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే పాతది చెరిపి దాని మీదే రాయడం కాదు. పాత వెర్షన్ అలాగే ఉంటుంది, పక్కన కొత్తది పుడుతుంది. ఒకే ట్రాన్సాక్షన్‌లో ఆ ఒక్క రికార్డును నలభై వేల సార్లు మారిస్తే నలభై వేల వెర్షన్లు. ట్రాన్సాక్షన్ ముగిసేదాకా వాక్యూమ్ (పాత వెర్షన్లను శుభ్రం చేసే పని) వాటిని ఊడ్చలేదు. ప్రతి కొత్త మార్పూ సరైన వెర్షన్ కోసం పాత వాటన్నిటినీ దాటుకుంటూ పోవాలి. అందుకే మొదటి వెయ్యి రికార్డులు చకచకా పోయి, తర్వాత బండి ఘాట్ ఎక్కినట్టు అయిపోతుంది. ర్యామ్ పెంచినా ఇది తగ్గదు.

3. నడవక్కర్లేని ట్రిగ్గర్‌ను నడవనివ్వకండి

పన్ను రేటు మారితే గోడౌన్‌లో ఉన్న సరుకు కొన్న విలువ మారదు కదా. అయినా ఆ ట్రిగ్గర్ నడిచింది. ఏ కాలమ్ మారినా నడిచేలా రాసి పెట్టారు మరి. దీనికి రెండు మందులున్నాయి.

ఒకటి, ట్రిగ్గర్ డెఫినిషన్‌లో ఆఫ్టర్ అప్‌డేట్ అని ఊరుకోకుండా ఆఫ్టర్ అప్‌డేట్ ఆఫ్ అని కాలమ్ పేర్లు ఇవ్వడం: కొన్న ధర, నిల్వ. ఇక్కడో మెలిక ఉంది. ఇది విలువ మారిందా అని చూడదు, అప్‌డేట్‌లోని సెట్ జాబితాలో (మార్చమన్న కాలమ్‌ల జాబితా) ఆ కాలమ్ పేరుందా అని మాత్రమే చూస్తుంది. మార్చినా మార్చకపోయినా అన్ని కాలమ్‌లనూ సెట్‌లో పెట్టి పంపే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. వాటి దగ్గర ఈ మందు పారదు.

రెండోది వెన్ షరతు: ఓల్డ్ డాట్ కొన్న_ధర ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ న్యూ డాట్ కొన్న_ధర అయితేనే, అంటే మార్పుకు ముందున్న ధర, తర్వాతి ధర వేరైతేనే, నడవమనడం. నాకు ఇదే ఇష్టం. ఫంక్షన్ లోపల ఇఫ్ పెట్టడం కంటే ఇది మేలు, ఎందుకంటే ఆఫ్టర్ ట్రిగ్గర్‌కు షరతు కుదరకపోతే ఆ రికార్డు నడవాల్సిన ట్రిగ్గర్ల క్యూలోకే చేరదు. నాట్ ఈక్వల్ గుర్తు వాడకండి. ఒకవైపు నల్ (విలువే లేని ఖాళీ) ఉంటే అది అవుననదు, కాదనదు, మీ మార్పు చడీచప్పుడు లేకుండా జారిపోతుంది.

మా షాపులో ఈ ఒక్క మార్పుతోనే సగం తలనొప్పి పోయింది.

4. రికార్డుకొకసారి నడిచేదాన్ని స్టేట్‌మెంటుకొకసారి నడిచేలా మార్చండి

స్టేట్‌మెంటు అంటే మీరు కొట్టే ఒక్క కమాండు. ఆడిట్, బ్రాంచి క్యూ మాత్రం నడవాల్సిందే. అయితే నలభై వేల సార్లు ఒక్కో రికార్డు ఇన్‌సర్ట్ చేయనక్కర్లేదు, ఒకే ఇన్‌సర్ట్‌లో నలభై వేలూ రాసేయవచ్చు. ఇలా:

క్రియేట్ ట్రిగ్గర్ ఆడిట్_మార్పు
ఆఫ్టర్ అప్‌డేట్ ఆన్ సరుకులు
రెఫరెన్సింగ్ ఓల్డ్ టేబుల్ యాజ్ పాతవి న్యూ టేబుల్ యాజ్ కొత్తవి
ఫర్ ఈచ్ స్టేట్‌మెంట్
ఎగ్జిక్యూట్ ఫంక్షన్ ఆడిట్_రాయి();

వెర్షన్ 10లో చివరి లైనులో ఫంక్షన్ బదులు ప్రొసీజర్ అనాలి. 11 నుంచి రెండూ నడుస్తాయి. ఫంక్షన్ లోపల చేయాల్సింది ఒక్కటే: పాతవి, కొత్తవి రెండిటినీ సరుకు కోడ్ మీద జాయిన్ చేసి (జత కలిపి), రేటు మారిన వాటిని ఆడిట్ టేబుల్లోకి ఇన్‌సర్ట్ సెలెక్ట్ చేయడం. చివర్లో రిటర్న్ నల్.

ఇక్కడ పడే తప్పులు:

- ఇలాంటి ట్రిగ్గర్‌కు అప్‌డేట్ ఆఫ్ అని కాలమ్ పేర్లు ఇవ్వడం కుదరదు. ఇన్‌సర్ట్ ఆర్ అప్‌డేట్ అని రెండు సందర్భాలు కలపడమూ కుదరదు. ఒక్కోదానికి విడిగా ట్రిగ్గర్ రాయండి.
- ఇక్కడి వెన్‌లో ఓల్డ్, న్యూ పనిచేయవు. వడపోత ఫంక్షన్ లోపలి క్వెరీలోనే పెట్టాలి.
- పాత ట్రిగ్గర్‌ను డ్రాప్ చేయడం మరిచిపోవడం. రెండూ నడుస్తాయి, ఆడిట్‌లో ప్రతి మార్పూ రెండుసార్లు పడుతుంది.
- తేదీ వేసే ట్రిగ్గర్‌ను కూడా ఇలా మార్చబోవడం. అది బిఫోర్ ట్రిగ్గర్, రికార్డు రాయకముందే దాన్ని దిద్దుతుంది. దాన్ని అలాగే వదిలేయండి, దాని ఖర్చు తక్కువే.

పైన టేబుల్ పేర్లు, ట్రిగ్గర్ పేర్లు తెలుగులో చూసి నవ్వుకోకండి, పోస్ట్‌గ్రెస్ నిజంగానే ఒప్పుకుంటుంది. కాకపోతే పేరుకు 63 బైట్లే ఇస్తుంది, తెలుగులో ఒక్కో గుర్తుకూ మూడు బైట్లు పోతాయి. పొడుగు పేర్లు పెడితే తోక తెగుతుంది.

5. కొత్త రేట్లను ముందు ఒక తాత్కాలిక టేబుల్లోకి తెచ్చుకోండి

ఎక్సెల్‌లో ఫార్ములాతో నలభై వేల అప్‌డేట్ లైన్లు తయారుచేసి అతికించేవాళ్ళను చూశాను. అలా చేస్తే స్టేట్‌మెంట్ ట్రిగ్గర్ రాసినా లాభం లేదు, స్టేట్‌మెంట్లే నలభై వేలయ్యాయి! ఎక్సెల్‌ను సీఎస్‌వీగా దాచి, టెంప్ టేబుల్ చేసి, కాపీ కమాండ్‌తో ఎక్కించండి. దాచేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే ఒడియా, తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి.

టెంప్ టేబుల్లో సరుకు కోడ్‌ను ప్రైమరీ కీ (ఒక్కో కోడ్ ఒక్కసారే ఉండాలనే కట్టుబాటు) చేయండి. ఒకే కోడ్ రెండుసార్లు ఉంటే అప్‌డేట్ ఫ్రమ్ గొణగదు, రెండిట్లో ఏదో ఒక రేటు వేసేస్తుంది. ఏది వేస్తుందో మన చేతిలో లేదు. ప్రైమరీ కీ ఉంటే ఎక్కించేటప్పుడే గట్టిగా అరుస్తుంది. ఎక్కించాక దాని మీద అనలైజ్ (ఇది వేరే కమాండు, టేబుల్లో ఏముందో లెక్క తీస్తుంది) కొట్టండి, టెంప్ టేబుళ్ళను తనంతట నడిచే ఆటోవాక్యూమ్ చూడదు.

ఇక మన ప్రాంతం తిప్పలు. సరుకు పేరు మీద జాయిన్ చేయకండి. ఒక కౌంటరు కుర్రాడు కందిపప్పు అని కొడతాడు, ఇంకొకడు హరడ దాలి అని కొడతాడు. రెండూ ఒకటే, డేటాబేస్‌కు మాత్రం రెండు. కోడ్ మీదే జాయిన్ చేయండి.

సరుకు కోడ్ అయినా, హెచ్ఎస్ఎన్ కోడ్ (పన్ను కోసం సరుకు రకానికి ఇచ్చే అంకెల కోడ్) అయినా కాలమ్ టెక్స్ట్‌గానే ఉండాలి. నెయ్యి కోడ్ 0405 అని మొదలవుతుంది, ఎక్సెల్ ఆ ముందు సున్నాను మింగేసి 405 చేస్తుంది. అలాంటి కోడ్ మీద కలిపితే జాయిన్ కలవదు, ఎర్రరూ రాదు, నెయ్యి 5 శాతానికి దిగకుండా 12లోనే మిగిలిపోతుంది. అలాగని నాలుగు అంకెలు కలిశాయని అన్నిటినీ ఒకే గాటన కట్టేయకండి. 3401 కింద ఒంటి సబ్బు బిళ్ళా ఉంది, లిక్విడ్ హ్యాండ్‌వాషూ ఉంది. బిళ్ళ 18 నుంచి 5కి దిగింది. హ్యాండ్‌వాష్ 18లోనే ఉంది. దీన్ని ఆడిటరు గారే తేల్చాలి, క్వెరీ తేల్చలేదు.

6. అసలు అప్‌డేట్

ఒక్క స్టేట్‌మెంట్: అప్‌డేట్ సరుకులు, సెట్ పన్ను_రేటు, ఫ్రమ్ టెంప్ టేబుల్, కోడ్‌లు కలిసిన చోట. చివర ఈ షరతు తప్పకుండా చేర్చండి: పాత రేటు ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ కొత్త రేటు. మారనివాటిని ముట్టుకోదు, మధ్యలో ఆగినా మళ్ళీ మొదటి నుంచి నడిపితే నష్టం ఉండదు.

బిగిన్ కొట్టి నడపండి. ఎన్ని రికార్డులు మారాయో తెర మీద వస్తుంది, కాగితం మీద రాసుకోండి. ఎనిమిదో మెట్టులో కమిట్‌కు ముందు చూడాల్సినవి చూసి, అప్పుడు కమిట్ చేయండి.

పాత బిల్లుల టేబుల్‌ను మాత్రం ముట్టుకోవద్దు. 21వ తేదీ బిల్లులో ఉన్నది పాత రేటే, అదే ఉండాలి. మీ బిల్లు లైనులో రేటు లేకుండా సరుకుల టేబుల్ నుంచి అప్పటికప్పుడు తెచ్చి చూపే సాఫ్ట్‌వేరైతే ఈ అప్‌డేట్ కంటే ముందు ఆ సంగతి చూడండి. లేదంటే పాత బిల్లులన్నీ ఒక్క రాత్రిలో కొత్త పన్నుతో కనిపిస్తాయి.

ముక్కలుగా చేయాలా? నలభై వేలకు అక్కర్లేదు. లక్షల్లో ఉండి, కౌంటర్లు తెరిచే ఉంటే ఐడీ వరుసలో ఐదేసి వేల చొప్పున చేసి, ముక్క ముక్కకూ కమిట్ చేయండి. ఆఫ్‌సెట్, లిమిట్‌తో ముక్కలు చేయకండి, ప్రతిసారీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తుంది.

7. ట్రిగ్గర్లు తిరగరాయడానికి టైము లేకపోతే

అప్పుడు ఆపవచ్చు. కాని ఆపితే పని తప్పదు, అది చేసే పని మీ మెడకు చుట్టుకుంటుంది.

మహాలయ అమావాస్య, ఆదివారం రాత్రి. వేరే ఒక షాపులో హడావుడిగా ట్రిగ్గర్లన్నీ ఆపేశాను, రేట్లు క్షణాల్లో మారాయి, మళ్ళీ ఆన్ చేశాను, ఇంటికెళ్ళి పడుకున్నాను. తెల్లారి బ్రాంచి నుంచి ఫోన్: "అన్నా, ఇక్కడ సబ్బుకి ఇంకా పద్దెనిమిదే పడతంది. బేరాలు గోల పెట్టేత్తన్నారు." హెడ్డాఫీసులో రేట్లు మారాయి. క్యూ టేబుల్లో వేసే ట్రిగ్గర్ కూడా ఆగింది కాబట్టి బ్రాంచికి ఒక్క ముక్క కూడా వెళ్ళలేదు. సావుకారు గారు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. ఒక ఇన్‌సర్ట్ సెలెక్ట్‌తో అయిపోయేది, కాగితం రాసుకోకపోవడంతో గుర్తే రాలేదు.

కాబట్టి వరుస ఇది. బిగిన్. లాక్ టైమౌట్ ఐదు సెకన్లు సెట్ చేయండి, ఎవరైనా టేబుల్‌ను పట్టుకుని ఉంటే మీరు అనంతంగా వేచి ఉండకుండా. ఆల్టర్ టేబుల్ సరుకులు డిసేబుల్ ట్రిగ్గర్, తర్వాత ట్రిగ్గర్ పేరు. మారబోయే వాటి కోడ్, పాత రేటు ఒక టెంప్ టేబుల్లో దాచండి. అప్‌డేట్. కాగితం తీసి, ఆపిన ఒక్కో ట్రిగ్గర్ పనినీ ఒక్కో ఇన్‌సర్ట్ సెలెక్ట్‌తో చేయండి. ఎనేబుల్ ట్రిగ్గర్. కమిట్. అంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉంటే మధ్యలో కరెంటు పోయినా ట్రిగ్గర్లు ఆగిన స్థితిలో మిగిలిపోవు.

ఈ పనికి కౌంటర్లు మూసి ఉండటం మేలు. డిసేబుల్ పట్టే లాక్ కమిట్ దాకా వదలదు, ఆ సేపూ వేరేవాళ్ళు ఆ టేబుల్‌ను చదవగలరు గాని రాయలేరు.

డిసేబుల్ ట్రిగ్గర్ ఆల్ అనకండి. అది సూపర్‌యూజర్‌కే (అన్ని హక్కులూ ఉన్న లాగిన్) నడుస్తుంది, ఫారిన్ కీ తనిఖీలు (ఒక టేబుల్లోని కోడ్ ఇంకో టేబుల్లో ఉందా అని చూసేవి) కూడా పోతాయి, తర్వాత ఆన్ చేసినా మధ్యలో దూరిన చెత్తను అది వెతకదు. అన్నిటినీ ఆపాలనుకుంటే ఆల్ బదులు యూజర్ అనండి. సెషన్_రెప్లికేషన్_రోల్‌ను రెప్లికా చేయమనే సలహా కూడా వింటుంటారు. దానితోనూ ఫారిన్ కీలు పోతాయి, తెలిసి చేస్తే తప్ప వద్దు.

ముక్కలుగా కమిట్ చేసేవాళ్ళకు డిసేబుల్ పనికిరాదు. మొదటి కమిట్‌తోనే అందరికీ ఆగిపోతుంది, అప్పుడు కౌంటరులో జరిగే మార్పుకు ఆడిట్ ఉండదు. వాళ్ళు ట్రిగ్గర్ వెన్ షరతులో కరెంట్_సెట్టింగ్‌తో మీ సొంత సెట్టింగ్ ఒకటి చూసేలా పెట్టి, ప్రతి ముక్కలో సెట్ లోకల్‌తో దాన్ని ఆన్ చేసుకోవాలి. మీ ట్రాన్సాక్షన్ ఒక్కదానికే ట్రిగ్గర్ ఆగుతుంది.

మిగతా డేటాబేస్‌ల వాళ్ళకు: మై ఎస్‌క్యూఎల్‌లో రికార్డుకొకసారి నడిచే ట్రిగ్గర్లే ఉన్నాయి, పాత వెర్షన్లలో ఆపే కమాండూ లేదు. సెషన్ వేరియబుల్ పెట్టి ట్రిగ్గర్ మొదట్లో ఇఫ్‌తో తప్పుకోవడమే మార్గం. డ్రాప్ చేసి మళ్ళీ చేస్తే డ్రాప్‌తోనే కమిట్ అయిపోతుంది, రోల్‌బ్యాక్ ఆశ వదులుకోండి. ఒరాకిల్‌లోనూ ఆల్టర్‌తో కమిట్ అవుతుంది, అక్కడ 11జీ నుంచి ఉన్న కాంపౌండ్ ట్రిగ్గర్ వాడండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రిగ్గర్ స్టేట్‌మెంటుకొకసారే నడుస్తుంది, అక్కడి జబ్బు వేరు: ఇన్‌సర్టెడ్ టేబుల్లో ఒకే రికార్డు ఉంటుందనుకుని వేరియబుల్‌లోకి తీసుకోవడం. నలభై వేలు మారితే ఆడిట్‌లో ఒక్కటే పడుతుంది.

8. సరిగా అయిందో లేదో చూడండి

కమిట్‌కు ముందు:

- టెంప్ టేబుల్లో ఉండి సరుకుల టేబుల్లో కలవని కోడ్‌లు ఎన్ని? సున్నా రావాలి. రాకపోతే ముందు 0405 లాంటి, సున్నా రాలిపోయిన కోడ్‌లను అనుమానించండి.
- ఆరో మెట్టులో రాసుకున్న సంఖ్య, ఆడిట్‌లో కొత్తగా పడిన రికార్డుల సంఖ్య, బ్రాంచి క్యూలో పడిన సంఖ్య మూడూ ఒకటేనా? ఆడిట్ సరిగ్గా రెట్టింపు ఉంటే పాత ట్రిగ్గర్ ఇంకా బతికే ఉంది.
- రేటు వారీగా గ్రూప్ బై చేసి లెక్కపెట్టండి. 12 పక్కన ఎన్ని మిగిలాయో ఆ జాబితా ఒకసారి కళ్ళతో చదవండి.

కమిట్ అయ్యాక పీజీ_ట్రిగ్గర్‌లో టీజీఎనేబుల్డ్ చూడండి. మామూలుగా ఓ ఉండాలి, డి ఉంటే ఆ ట్రిగ్గర్ ఇంకా ఆగి ఉంది. తర్వాత సరుకుల టేబుల్ మీద వాక్యూమ్ అనలైజ్ కొట్టండి, లేదంటే పాత వెర్షన్ల బరువు కొంతసేపు తెల్లవారి కౌంటర్ల మీద పడుతుంది.

అన్నీ అయ్యాక బ్రాంచి కుర్రాడికి ఫోన్ చేసి రెండు బిల్లులు కొట్టించండి, ఒకటి సబ్బు బిళ్ళకు, ఒకటి హ్యాండ్‌వాష్‌కు. మొదటి దానిలో 5, రెండో దానిలో 18 అని అతని నోటితో విన్నాకే సర్వరు గదికి తాళం వేయండి. ఆ రెండు బిల్లులూ క్యాన్సిల్ చేయమని చెప్పడం మరవకండి.